చిన్న లా కాలేజీలో చదివి క్రిమినల్ సైడు వెళ్లొచ్చా? నా అనుభవం

ఒంగోల్లో బీఎస్సీ ఆఖరి ఏడాదిలో ఉన్నానని, నేరాలు, దర్యాప్తు అంటే ఇష్టమని, దగ్గర్లోని చిన్న లా కాలేజీలో చేరితే ఉద్యోగాలు వస్తాయా అని అడిగావు కదా చెల్లీ. నేను చదివింది అలాంటి కాలేజీలోనే. కావలి నుంచి రోజూ రైల్లో నెల్లూరు వెళ్లి మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేశాను. ఇప్పుడు అక్కడి కోర్టుల్లో క్రిమినల్ కేసులే చూస్తున్నాను.

చేరొచ్చు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉందో లేదో మాత్రం ముందు చూసుకో. మా క్లాసులో అరవై మంది ఉంటే రోజూ వచ్చేది పది పన్నెండు మందే. మూట్ కోర్టంటే (విద్యార్థులు లాయర్లలా వాదించి నేర్చుకునే ఉత్తుత్తి కోర్టు) రికార్డు రాసి సంతకం పెట్టించుకోవడమే. రెండో ఏడాది దాకా ఎఫ్ఐఆర్ కాపీ కళ్లతో చూడలేదు. ఆ బాధతోనే ఒకరోజు మేజిస్ట్రేట్ కోర్టుకి వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. ఎవరూ లేచిపొమ్మనలేదు. ఆ తర్వాత వారానికి రెండు పూటలు అక్కడే ఉండేదాన్ని.

బైకు దొంగతనం కేసులో ఒక పందొమ్మిదేళ్ల అబ్బాయికి బెయిల్ వచ్చింది. ఇద్దరు జామీనుదారులు కావాలన్నారు. వాళ్లమ్మ రొయ్యల చెరువుల దగ్గర కూలికి పోతుంది. ఇంటి పన్ను రసీదు పట్టుకొచ్చి సంతకం పెట్టే మనిషి ఆమెకి దొరకలేదు. బెయిల్ ఆర్డరు వచ్చాక కూడా ఆ పిల్లాడు పదకొండు రోజులు జైల్లోనే ఉన్నాడు. ఆమె రోజూ వచ్చి కోర్టు మెట్ల మీద కూర్చునేది. "ఆడపిల్లకి దొంగల కేసులెందుకమ్మా" అని నాన్న ఎంత చెప్పినా నేను వినకపోవడానికి ఆవిడే కారణం.

ఇక ఉద్యోగాలు. ఎస్సై పరీక్షకి డిగ్రీ చాలు, లా అక్కర్లేదు. అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్, అంటే క్రిమినల్ కేసుల్లో ప్రభుత్వం తరఫున వాదించే లాయరు, కావాలంటే క్రిమినల్ కోర్టుల్లో మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలి. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకీ మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి అని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మూడేళ్లు చాలా కష్టం. సీనియర్ ఇచ్చేది ఛార్జీలకి సరిపోతే గొప్ప. ఇంట్లో ముందే మాట్లాడి పెట్టుకో. న్యాయ సేవాధికార సంస్థల కింద లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ (లాయర్ని పెట్టుకోలేని నిందితుల తరఫున ఉచితంగా వాదించేవాళ్లు) పోస్టులున్నాయి, వాటిలో అసిస్టెంట్లుగా కొత్త లాయర్లని కూడా తీసుకుంటారు. ఆ నోటిఫికేషన్ల మీద కన్నేసి ఉంచు.

నీది సైన్సు కాబట్టి ఇంకో దారి కూడా ఉంది. 2024 జూలై 1న పాత సీఆర్‌పీసీ బదులు అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేరాల దర్యాప్తు, విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టం) ప్రకారం, ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు సంఘటనా స్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి. రాష్ట్రాలు దీన్ని అయిదేళ్లలోపు అమల్లోకి తేవాలి. వాదించడం కన్నా ల్యాబ్ పనే ఇష్టమైతే లా వద్దు, ఫోరెన్సిక్ ఎమ్మెస్సీ చెయ్యి.

పాత గైడ్లు కొనకు. ఐపీసీ బదులు అదే రోజు భారతీయ న్యాయ సంహిత వచ్చింది కాబట్టి, నేను బట్టీ పట్టిన హత్య సెక్షన్ 302 ఇప్పుడు 103 అయింది, మోసం సెక్షన్ 420 ఇప్పుడు 318. 2024 జూలైకి ముందు జరిగిన నేరాలకి పాత ఐపీసీయే వర్తిస్తుంది కాబట్టి నాకు రెండూ తప్పవు, నువ్వు మాత్రం కొత్తదానితోనే మొదలుపెట్టు.

లాసెట్ (లా ప్రవేశ పరీక్ష) ఫారం నింపే ముందు ఒక వారం ఒంగోలు కోర్టుకి వెళ్లి కూర్చో. పదిన్నరకి మొదలవుతుంది. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) లాంటి కేసులు జరిగేటప్పుడు బయటికి పంపిస్తారు, మిగతావి చూడొచ్చు.