నార్మ్ ఆగుతుంది, వడ్డీ ఆగదు

ప్రశ్న: మాది పలాస. నాకు 23 ఏళ్లు. ఉమెన్ ఇంటర్నేషనల్ మాస్టర్‌ని. డబ్ల్యూజీఎం (ఉమెన్ గ్రాండ్‌మాస్టర్) టైటిల్‌కి ఒక నార్మ్, అంటే టోర్నమెంటులో ఆ స్థాయి ఆట ఆడినందుకు ఇచ్చే గుర్తింపు, వచ్చింది, ఇంకా రెండు కావాలి. పిల్లలకు ఆన్‌లైన్‌లో చెస్ నేర్పితే నెలకు 25 వేలు వస్తాయి. కోచ్ ఫీజుతో సహా 15 వేలు ఖర్చు. బ్యాంకులో 40 వేలున్నాయి. యూరప్‌లో వరసగా మూడు టోర్నమెంట్లు ఆడడానికి తెలిసినవాళ్లు రెండు రూపాయల వడ్డీకి 5 లక్షలు ఇస్తామంటున్నారు. ప్రైజ్ మనీతో తీర్చేద్దామనుకుంటున్నాను. తీసుకోవచ్చా?

జవాబు: వద్దమ్మా. ఐదు లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 10 వేలు. మీకు మిగిలేదీ సరిగ్గా అంతే. అసలులో రూపాయి తగ్గదు. పైగా యూరప్‌లో ఉన్నన్నాళ్లూ క్లాసులుండవు, ఆదాయం రాదు, వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. చదరంగంలో పది ఎత్తులు ముందుకు చూసేవాళ్లు ఈ లెక్క చూడకపోతే ఎలా?

ఆటగాళ్లు చాలామంది చేసే పొరపాటే ఇది, రాని ప్రైజ్ మనీని ఆదాయంలో కలిపేసుకోవడం. 2024లో మహిళల వరల్డ్ ర్యాపిడ్ చెస్ టైటిల్ గెలిచినందుకు కోనేరు హంపికి 60 వేల డాలర్లు వచ్చాయి, నిజమే. కానీ ఆమెకు ఓఎన్‌జీసీలో ఉద్యోగం ఉంది. బిడ్డ పుట్టినప్పుడు ఆటకు దూరంగా ఉండి, తిరిగొచ్చి 2019లో అదే టైటిల్ గెలిచారు. మీరు ఒక్క మూడు నెలలు క్లాసులు చెప్పలేకపోతే ఇల్లెలా గడుస్తుంది? 40 వేలు మూడు నెలలకు కూడా చాలవు.

జీతగాళ్లకైతే ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోమంటాను. మీకు పన్నెండు నెలలది ఉండాలి, అంటే 1.8 లక్షలు. ఉన్న 40 వేలు పోను ఇంకా 1.4 లక్షలు. నెలకు 10 వేల చొప్పున పద్నాలుగు నెలలు. ఆలస్యమని టెన్షన్ పడకండి. వచ్చిన నార్మ్‌కి గడువు లేదు, అది ఎక్కడికీ పోదు. ఈ డబ్బు వేరే బ్యాంకు ఖాతాలో ఉండాలి, దాని ఏటీఎం కార్డు మీ పర్సులో ఉండకూడదు. ఎంట్రీ ఫీజు కట్టాల్సి వచ్చినా, ఫ్లైట్ టికెట్ చవగ్గా దొరికినా దాన్ని ముట్టుకోవద్దు. జ్వరమొచ్చి క్లాసులు ఆగిన నెలకే అది.

మీకూ అమ్మానాన్నలకూ హెల్త్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి, ఇప్పుడు వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద జీఎస్‌టీ కూడా లేదు. సిప్‌లు (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టుబడి) తర్వాత చూసుకోవచ్చు. రైల్వే స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్ వస్తే వదలకండి. బ్యాంకులో గోల్డ్ లోన్‌కి వడ్డీ ఈ రెండు రూపాయల వడ్డీలో సగం లోపే, కానీ పైన చెప్పిన 1.8 లక్షల ఫండ్ లేకుండా అదీ వద్దంటాను.

ఆట ఆపమనడం లేదు. భువనేశ్వర్, ఢిల్లీలలో జరిగే అంతర్జాతీయ ఓపెన్లకు విదేశీయులు కూడా వస్తారు, కాబట్టి నార్మ్ అక్కడా సాధించవచ్చు. భువనేశ్వర్‌కైతే పలాసలో రైలెక్కితే చాలు. యూరప్‌కి ఫండ్ నిండాక వెళ్లండి, అదీ మూడు కాదు, ఒకే టోర్నమెంటుకి, స్పాన్సర్ ఇచ్చిన డబ్బుతోనో మీరు దాచుకున్నదాంతోనో. అప్పు ఇస్తామన్నవాళ్లకు ఇవాళే ఫోన్ చేసి వద్దని చెప్పండి. ప్రోనోటు మీద సంతకం పెట్టేసి ఉంటే అది వెనక్కి తెచ్చుకోండి.