పాపను ఒళ్లో పెట్టుకుని జారుడుబల్ల మీద జారొచ్చా?

బీచ్ రోడ్డు పార్కులో రెండేళ్ల పాపతో అలా జారొచ్చా అని అడిగారు. వద్దండి. పాప చెప్పు బల్ల అంచుకి పట్టుకుంటే కాలు అక్కడే ఆగిపోతుంది, మీ బరువేమో ఇద్దరినీ కిందికి లాగేస్తుంది. మోకాలి కింది ఎముక మెలితిరిగి విరిగేది ఇలాగే. ఒక్కతే జారితే, కాలు తగులుకున్నా అంత బరువు పడదు. చిన్న బల్ల చూసి, పక్కనే నడుస్తూ పట్టుకోండి. చున్నీ, మెడలో తాడు తీసేయండి. రేకు బల్లయితే ముందు మీ అరచెయ్యి ఆనించండి. వేసవిలో సాయంత్రం 4 గంటలకీ చురుక్కుమంటుంది.

ఉయ్యాల ఎక్కించేముందు గొలుసు పైకంటా చూడండి. చేతికందే కింది భాగం నున్నగానే ఉంటుంది. ఉప్పుగాలికి తుప్పు తినేది పైన, కొక్కెం రాసుకునే చోట. ఉయ్యాల కింద నేల మీద ఇసుక కనీసం 9 అంగుళాల లోతుండాలి. కాళ్ల రాపిడికి సరిగ్గా ఉయ్యాల కిందే గట్టి నేల తేలుతుంది.