బుజ్జిగాడి పడక గురించి

చిట్టితల్లీ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. బారసాలకి ముందే వాడికి బుగ్గలు వచ్చేశాయి, సాయంత్రం దిష్టి తీయించు. కానీ తల కింద ఆవాల దిండు, రెండు పక్కలా బొంత చుట్టలు, ఒంటిమీద దుప్పటి, నెత్తిన ఉన్ని టోపీ చూశాక రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

ముందు ఆ దిండు తీసెయ్. ఏడాది నిండేదాకా వాడికి దిండు అక్కర్లేదు. మెత్తటి దాంట్లో ముఖం ఆనుకుపోయినా, గడ్డం గుండె మీదకి వంగిపోయినా పసివాడు తల ఎత్తుకోలేడు. చడీచప్పుడూ లేకుండా ఊపిరి ఆగిపోతుంది. తల గుండ్రంగా రావాలని మీ అమ్మ పెట్టిందని నాకు తెలుసు, మేమూ పెట్టాం. దానికి వేరే దారుంది. మెలకువగా ఉన్నప్పుడు నీ కళ్లముందే కాసేపు బోర్లా వేసి ఆడించు. పడుకోబెట్టేటప్పుడు ముఖం ఓసారి కుడికి, ఓసారి ఎడమకి తిప్పు.

నిద్రకి మాత్రం ఎప్పుడూ వెల్లకిలానే. పగటి కునుకైనా సరే. పక్కకీ వద్దు, అక్కణ్నుంచి బోర్లా పడటం తేలిక. పాలు కక్కితే గొంతుకి అడ్డం పడదా అని మీ అత్తగారు అడుగుతారు. వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటాయమ్మా, కక్కింది కిందికే జారుతుంది. బోర్లా వేస్తేనే అది గాలిగొట్టం వైపు వస్తుంది. అమెరికాలో 1994లో పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టమని ఊరూరా చెప్పడం మొదలుపెట్టాక, కారణం తెలియకుండా నిద్రలో పోయే పసిపిల్లల సంఖ్య కొన్నేళ్లలోనే దాదాపు సగానికి తగ్గింది.

ఇది నేను ఎవరికీ చెప్పలేదు. మా పెద్దాడికి రెండో నెల. మంచం మీద పక్కకి ఒత్తిగిలి పాలిస్తూ నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి నా కొంగు వాడి ముఖం నిండా ఉంది. వాడి ఊపిరికి ముక్కు దగ్గర ఆ గుడ్డ లోపలికి అతుక్కుని, మళ్లీ పైకి లేస్తోంది. లాగేసి, వాణ్ని గుండెకి హత్తుకుని తెల్లారేదాకా కూర్చున్నాను. అందుకే చెబుతున్నా. వాడు నీ గదిలోనే, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉండాలి, పడక మాత్రం వేరేగా ఉండాలి. చదునైన గట్టి పరుపు, దానిమీద బిగుతుగా పరిచిన దుప్పటి, అంతే. బొమ్మలూ బొంతలూ వద్దు. నిద్ర ముంచుకొస్తుంటే సోఫాలో కూర్చుని పాలివ్వకు, అది మంచం కన్నా ప్రమాదం.

చీర ఉయ్యాల నువ్వు పక్కనే ఉండి ఊపేంతసేపే. నిద్రపోగానే ఎత్తి పడక మీద వెయ్. అందులో మెడ వంగిపోతుంది.

వేడి కూడా మంచిది కాదు. ఇంట్లో టోపీ ఎందుకు? చేతులు చల్లగా ఉన్నాయని కంగారుపడకు, మెడ వెనక తడిమి చూడు. చెమట తగిలితే ఒక గుడ్డ తగ్గించు. సాంబ్రాణి పొగ వాడున్న గదిలో వెయ్యొద్దు. సిగరెట్ అయితే ఇంటి చుట్టుపక్కలే వద్దు, అల్లుడికి నా మాటగా చెప్పు. నీ పాలు మాత్రం మానకు, అవీ వాడికి కాపే.

రెండో నెల నుంచి నాలుగో నెల దాకా మరీ జాగ్రత్త. దిండు తీసేస్తే అమ్మ బాధపడుతుందని సందేహించకు. రేపు పొద్దున్నే దానికి ఫోన్ చేసి ఆ సంగతి నేనే మాట్లాడతాను.

మీ పెద్దమ్మ