నైట్రస్ కొట్టగానే ఇంజిన్ టకటకమంటే

తమ్ముడూ, 1.2 లీటర్ పెట్రోల్ స్విఫ్ట్‌కి 75 హార్స్‌పవర్ నైట్రస్ (ఇంజిన్ పవర్ పెంచే నైట్రస్ ఆక్సైడ్ గ్యాస్) జెట్ (ఎంత గ్యాస్ పడాలో నిర్ణయించే సన్న రంధ్రం) పెట్టి, మధ్యాహ్నం రేణిగుంట రోడ్డులో రెండోసారి నొక్కగానే ఇంజిన్ టకటకమందని రాశావు. ముందు గ్యాస్ సిలిండర్ వాల్వ్ కట్టెయ్. ఆ చప్పుడు నాకింగ్, అంటే ఇంజిన్ లోపల పెట్రోల్ అదుపు లేకుండా తనంతట తానే పేలడం. ఇంకోసారి నొక్కితే పిస్టన్ కరిగిపోవచ్చు.

నీ ఫోటోలో పెట్రోల్ సోలనాయిడ్ (అదనపు పెట్రోల్ వదిలే కరెంటు వాల్వ్) కనిపించలేదు. నైట్రస్ అదనంగా ఆక్సిజన్ తెస్తుంది, దానికి తగ్గ పెట్రోల్ కూడా పడాలి. అందుకే గ్యాస్‌తో పాటు పెట్రోల్ కూడా పంపే వెట్ కిట్‌కి మారి 25 లేదా 35 జెట్‌తో మొదలుపెట్టు. ప్లగ్‌లు ఒక మెట్టు కోల్డ్ రకం (వేడిని త్వరగా వదిలేవి) వెయ్. టైమింగ్ (ప్లగ్ నిప్పురవ్వ వేసే సమయం) ట్యూనర్ చేత తగ్గించు, అంటే కాస్త ఆలస్యం చేయించు; 50 హార్స్‌పవర్‌కి 2 డిగ్రీలన్నది మామూలు లెక్క. ఫుల్ థ్రాటిల్‌లో, 3000 ఆర్‌పీఎం దాటాకే గ్యాస్ వదిలే స్విచ్‌లు, పెట్రోల్ ప్రెషర్ పడిపోతే ఆపేసే స్విచ్ తప్పకుండా ఉండాలి.

అసలు నా భయం సిలిండర్ గురించే. 36.4 డిగ్రీలు దాటితే నైట్రస్ ద్రవంగా నిలవదు. మన తిరుపతి మే ఎండలో మూసిన డిక్కీ సంగతి నీకు తెలుసు కదా! ప్రెషర్ 1050 పీఎస్ఐ దాటితే గ్యాస్ ఎక్కువ పడి, దానికి పెట్రోల్ చాలక మిశ్రమం పలచబడుతుంది. నీకు జరిగింది ఇదే కావచ్చు. గేజ్ పెట్టి 900-950 మధ్య ఉంటేనే వాడు. సేఫ్టీ డిస్క్ (ప్రెషర్ మితిమీరితే పగిలి గ్యాస్ వదిలేది) గొట్టం కారు బయటికి తియ్యి. ఎండలో కారు నిలిపేటప్పుడు సిలిండర్ దించెయ్.

ఆర్టీఓ అనుమతి లేని మార్పు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52కి విరుద్ధం. ఘాట్ రోడ్డులో అయితే ఆలోచనే వద్దు. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ మనకు దగ్గరే, అక్కడ పరీక్షించు. ప్లగ్‌లు విప్పి ఫోటో పెట్టు, చూసి చెప్తాను.