కొరికే చేపను తీసేసే ముందు

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న ఆశీస్సులు.

నీ మూడడుగుల ట్యాంకులో ఏంజెల్ చేపల తోకలు చీలికలవుతున్నాయని రాశావు. లోపల టైగర్ బార్బులు నాలుగు, రెడ్‌టెయిల్ షార్క్ (పేరుకే షార్క్, ఎర్ర తోక ఉన్న నల్ల చేప) ఒకటి, నాలుగైదు గప్పీలు, ఏంజెల్స్ రెండు అన్నావు. ఆ వరుస చదివితేనే సగం సంగతి తెలిసిపోతోంది. అయినా తొందరపడి వల చేతికి తీసుకోకు.

ముందు కూర్చుని చూడు. అద్దానికి దగ్గరగా కాదు, దగ్గరికి వెళితే మేత కోసం అన్నీ నీ వైపు వచ్చేసి గొడవ ఆపేస్తాయి. ఓ రెండు మీటర్లు ఎడంగా, పొద్దున లైటు వేశాక ఓ ఇరవై నిమిషాలు, రాత్రి ఆర్పే ముందు ఓ ఇరవై నిమిషాలు చూడు. ఒక చేప తరిమి, కొంత దూరం పోయాక మళ్లీ అదే రాయి దగ్గరికో మొద్దు దగ్గరికో తిరిగొస్తే అది చోటు కోసం పోట్లాట. షార్క్ పద్ధతి అదే. చోటుతో పని లేకుండా వెనక నుంచి వచ్చి రెక్క చివర గిల్లి పారిపోతే బార్బు. దాని కాటుకు రెక్క అంచున చిన్న చిన్న నొక్కులు పడతాయి. ఏంజెల్‌కు పొట్ట కింద వేలాడే పొడవాటి తీగలు ముందు పోతాయి. ఎవరూ ఎవరినీ తరమకుండానే అన్ని చేపల రెక్కల అంచులూ తెల్లబడి కుళ్లుతుంటే మాత్రం తప్పు చేపలది కాదు, నీళ్లది. అప్పుడు నీళ్లు మార్చు, ఫిల్టర్ చూడు.

బార్బుల విషయానికొద్దాం. ఇవి గుంపు చేపలు. ఎనిమిది, పది ఉంటే పెద్దరికం తేల్చుకోవడంలో వాటిలో అవే తరుముకుంటూ ఉంటాయి. నాలుగే ఉంటే ఆ దుడుకు పక్క చేపల మీదికి మళ్లుతుంది. అందుకే చాలామంది "ఇంకో ఆరు వేయండి" అంటారు. 3×1×1½ అడుగుల ట్యాంకులో సుమారు 125 లీటర్లు పడతాయి, పది బార్బులకు అది చాలు. కానీ ఏంజెల్ లాంటి నెమ్మది చేప పక్కనుంటే, పది వేసినా గిల్లడం పూర్తిగా మానవు. నా మాట వింటే ఏంజెల్స్‌నూ పొడుగు తోక గప్పీలనూ వేరే ట్యాంకుకు మార్చు, లేదా బార్బుల్నే ఇచ్చెయ్. రెండూ కలిసి ఉండాలన్న ఆశ వదులుకో. బార్బులకు తోడు కావాలంటే జీబ్రా డానియోల్లాంటి చురుకైనవి సరిపోతాయి.

షార్క్‌ను ట్యాంకుకు ఒక్కటే ఉంచాలి. దాని పోట్లాటకు మందు, ట్యాంకు లోపలి అమరిక మార్చడం. లైటు ఆర్పి, హీటర్ ప్లగ్గు పీకి, మూడో వంతు నీళ్లు తీసెయ్. రాళ్లూ మొద్దులూ అన్నీ బయటికి తీసి వేరే చోట్ల పెట్టు. ఒక చివరి నుంచి రెండో చివర కనిపించకుండా మధ్యలో ఎత్తుగా ఏదైనా అడ్డం ఉండాలి. దాక్కునే గుహలకు రెండు దారులుండాలి. ఒకటే దారి ఉంటే తరిమించుకున్న చేప లోపలే ఇరుక్కుపోతుంది. యాంటీ క్లోరిన్ (కుళాయి నీటిలోని క్లోరిన్‌ను పోగొట్టే మందు) కలిపిన, అదే వేడిమి ఉన్న నీళ్లు పోసి ఆ రోజంతా లైటు వేయకు. కొత్త చేపలు వేయదలిస్తే ఆ సాయంత్రమే వెయ్. ఇల్లంతా కొత్తే కాబట్టి పాత కాపుకు హక్కు చూపే జాగా ఉండదు. ప్రతి వారం మాత్రం ఇలా చేయకు, చేపలన్నీ బెదిరిపోతాయి.

దీనికీ లొంగకపోతే కొట్టేదాన్ని ఓ వారం వేరుగా ఉంచు. ఇరవై లీటర్ల టబ్బు, ఎయిర్ పంపు, పెద్ద ట్యాంకులో నెల రోజులుగా నడుస్తున్న స్పాంజ్ ఫిల్టర్ చాలు. కొత్త స్పాంజ్ పెడితే చేపల మలినం నుంచి వచ్చే అమ్మోనియా అనే విషం పెరిగి చేప చచ్చిపోవచ్చు. షార్క్ ఎగిరి దూకుతుంది, మూత తప్పనిసరి. తిరిగి వేసేటప్పుడు లైటు ఆర్పాకే వెయ్. ఈలోగా రెండో చేప ఏదైనా పెత్తనం మొదలుపెట్టిందేమో గమనించు, అదీ జరుగుతుంటుంది.

రెక్క చిరిగిన చేపకు వేరే టబ్బులో లీటరుకు ఒక గ్రాము చొప్పున కల్లుప్పు కరిగించి పొయ్. రోజూ పావు వంతు నీళ్లు మార్చు. ఐదు లీటర్లు మారిస్తే ఐదు గ్రాములే కలపాలి. మొత్తానికి మళ్లీ వేస్తే ఉప్పు పెరిగిపోతుంది. పెద్ద ట్యాంకులో ఉప్పు వద్దు, మొక్కలు పాడవుతాయి.

ఏంజెల్స్ రెండూ కలిసి ఆకునో ఫిల్టర్ గొట్టాన్నో నోటితో శుభ్రం చేస్తూ మిగతావాటిని ఓ మూలకు తోస్తుంటే, గుడ్లు పెట్టబోతున్నాయన్నమాట. వాటికి అడ్డంగా అద్దం పలక పెడితే చాలు.

మన ఎండాకాలంలో నీళ్లు 32 డిగ్రీలు దాటితే ప్రాణవాయువు తగ్గి చేపలకు చిరాకు పెరుగుతుంది. మూత తీసి వల కప్పి, నీటి మీదికి ఫ్యాను పెట్టు. ఐసు ముక్కలు వేయకు. మేత కొద్దికొద్దిగా, రెండు చివర్లా ఒకేసారి చల్లు.

వదిలించుకోవాల్సిన చేప ఉంటే కొన్న దుకాణానికే ఇవ్వు. చెరువులో, కాలవలో వదలకు. అద్దం నాకుతుందని కొనే సక్కర్ చేపే మన చెరువుల్లో దెయ్యం చేపై వలలు చింపుతోంది. ఇంకోటి, దుకాణంలో వెండి రంగులో మెరుస్తూ "షార్క్" అని అమ్మే పిల్లను కొనకు. అది మన చేపల చెరువుల్లో పెంచే పంగాసియస్. మీటరు దాకా పెరిగే చేప, నీ ట్యాంకేమో మూడడుగులు.

ఇట్లు,
పెదనాన్న