అద్దె ఇంట్లో సౌండ్ ప్రూఫ్ గదికి 4 లక్షల అప్పు చేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 27. ఒంగోలు లాయర్‌పేటలో మేడమీద రెండు గదుల్లో అద్దెకుంటున్నాను. చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఎగుమతి ఆఫీసులో ఉద్యోగం, చేతికి 36 వేలు వస్తుంది. అద్దె 8 వేలు, కనిగిరిలో ఉన్న అమ్మకు 6 వేలు, బైకు ఈఎంఐ 4,200. బ్యాంకులో 90 వేలున్నాయి. మేం నలుగురం కలిసి బ్యాండు నడుపుతున్నాం. నేను డ్రమ్స్, మిగతావాళ్లు గిటార్, కీబోర్డు, పాట. రిసెప్షన్లకు, కాలేజీ ఫంక్షన్లకు వాయిస్తాం. ఇంట్లో ప్రాక్టీసు చేస్తే కింద ఉండే ఓనరు గొడవ చేస్తున్నారు. ఒక గదిని సౌండ్ ప్రూఫ్ చేయించుకుని అక్కడే రికార్డింగ్ కూడా పెట్టుకోవాలనుంది. 4 లక్షలవుతుందన్నారు. పర్సనల్ లోన్ తీసుకోవాలా, అమ్మ బంగారం పెట్టాలా?

జవాబు: రెండూ వద్దండీ. ముందు లెక్క చూడండి. 4 లక్షలు 14 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకుంటే ఈఎంఐ సుమారు 13,670, మొత్తం వడ్డీ 92 వేల పైమాటే. మీ అద్దె, అమ్మకు పంపేది, బైకు కిస్తీ పోగా మిగిలేది 17,800. అందులోంచి ఈ ఈఎంఐ కడితే తిండికి, పెట్రోలుకు, ఫోనుకు కలిపి 4 వేల చిల్లర మిగులుతుంది. ప్రోగ్రాముల డబ్బు ఉందిగా అంటారేమో, ఆషాఢంలో, మూఢాల్లో పెళ్లిళ్లుండవు, ఈఎంఐ మాత్రం ప్రతి నెలా ఉంటుంది. బంగారం మీద వడ్డీ కాస్త తక్కువ ఉండొచ్చు. కానీ చాలామంది ఏటా వడ్డీ కట్టి రెన్యువల్ చేయించుకుంటూ పోతారు, అసలు పైసా తరగదు. అమ్మ గాజులతో ఆ ఆట వద్దు.

అసలు ఆ గదే మీకు అక్కర్లేదని నా అభిప్రాయం. శబ్దం బయటికి పోకుండా ఆపాలంటే బరువైన గోడ కావాలి, గాలి దూరే సందు ఎక్కడా ఉండకూడదు. గోడలకు అతికించే ఫోమ్ లోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తుంది, అంతే. డ్రమ్ మోతను ఆపదు. కోడిగుడ్ల అట్టలు అంతకన్నా దండగ. నిజంగా ఆపేలా కట్టారే అనుకుందాం, కిటికీలు మూసేసిన మేడగదిలో రోహిణి కార్తెలో నలుగురు కూర్చోగలరా? ఏసీ ఖర్చు, కరెంటు బిల్లు అదనం. రేపు ఇల్లు ఖాళీ చేస్తే గోడలు ఓనరుకే మిగులుతాయి. గోడలు మళ్లీ ముందులా చేసిపొమ్మంటే దానికీ మీ డబ్బే.

అన్నట్టు, ఓనరు మాటలో న్యాయముంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లున్న ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ పరిమితి. మామూలు డ్రమ్ సెట్ దగ్గర 100 దాటడం కొత్తేమీ కాదు.

కాబట్టి శబ్దాన్ని గదిలో బంధించే బదులు, అసలు పుట్టకుండా చూడండి. డబ్బు పెట్టాల్సిన మొదటి వస్తువు మెష్ ప్యాడ్లున్న (చప్పుడు తక్కువ చేసే వలలాంటి ప్యాడ్లు) ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్. కాస్త మంచిది కొత్తగా కొంటే సుమారు 40 వేల నుంచి ఉంటుంది. పాత సెట్ అమ్మకండి, స్టేజీకి అదే కావాలి. సౌండ్ సిస్టమ్ వాళ్ల గోడౌన్‌లో ఓ మూల అడిగి పెట్టుకోండి. కీబోర్డు, ఎఫెక్ట్స్ ప్రాసెసర్ (గిటార్ ధ్వనిని మార్చే పెట్టె) ఉన్న గిటార్, డ్రమ్స్, పాడే మైకు, అన్నీ ఒక చిన్న మిక్సర్‌లోకి, అంటే శబ్దాలన్నిటినీ కలిపే పెట్టెలోకి వెళ్తాయి. మిక్సర్ నుంచి నాలుగు హెడ్‌ఫోన్లకు పంచే చిన్న యాంప్లిఫయర్ రెండు మూడు వేలలో వస్తుంది. హెడ్‌ఫోన్లు మాత్రం వైరువే కొనండి. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా చెవికి చేరుతుంది, తాళం తప్పుతుంది.

ఒక్క చిక్కుంది. మెష్ ప్యాడ్ల చప్పుడు గాల్లో తక్కువేగానీ, కాలితో తొక్కే కిక్ పెడల్ దెబ్బ శ్లాబు గుండా కిందికి దిగుతుంది. ఓనరుకు వినపడేది అదే. రెండు ప్లైవుడ్ పలకల మధ్య టెన్నిస్ బంతులు పేర్చి, ఆ పీట మీద కిట్ పెడితే చాలావరకు తగ్గుతుంది. తెలిసిన కార్పెంటరు ఉంటే రెండు మూడు వేల పని. పూర్తిగా పోతుందని మాత్రం అనుకోవద్దు. కాబట్టి కిట్ కొనేముందే ఓనరు దగ్గర వేళల మాట తీసుకోండి. ఎవరి దగ్గరైనా ఒక పెడల్, ప్యాడ్ అడిగి తెచ్చి వాయించి, కింద నిలబడి వినమనండి. ఆయన సరేనన్నాకే డబ్బు తీయండి.

రికార్డింగ్‌కు అందరూ ఒకేసారి వాయించాలని లేదు. ఒక్కొక్కరు విడివిడిగా వాయిస్తే రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకు, వాద్యాల శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే పెట్టె) చాలు, 12 నుంచి 20 వేల మధ్య దొరుకుతుంది. ఎనిమిది ఇన్‌పుట్లది ఇప్పుడే కొంటే దండగే. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ను 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు, తర్వాత సొంతానికి వాడుకునేవాళ్లకు లైసెన్సు 60 డాలర్లు. పాట రికార్డు చేసేటప్పుడు మైకు వెనక, పక్కన పాత బొంతలు వేలాడదీసి, ఫ్యాను ఆపండి. వీధిలో ఆటోలు, పక్కింటి కుక్కరు మొదలవకముందే కానిచ్చేయండి.

ఇవన్నీ కలిపినా లక్ష, లక్షా పాతిక దాటదు. అదీ నలుగురిది. ఇక్కడ ఒక మాట గట్టిగా చెబుతాను: ఉమ్మడి డబ్బుతో ఏదీ కొనొద్దు. రేపు గిటారిస్టుకు హైదరాబాద్‌లో ఉద్యోగం వస్తే మిక్సర్‌లో అతని వాటా ఎంత? స్నేహాలు ఇక్కడే చెడతాయి. డ్రమ్ కిట్, పీట మీవి. ఇంటర్‌ఫేస్ కీబోర్డు వాయించే అతనిది. మిక్సర్, హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ గిటారిస్టువి, మైకు గాయకుడిది. ఎవరి హెడ్‌ఫోన్లు వారివి. ఎవరి వస్తువు బిల్లు వాళ్ల పేరు మీదే, వారంటీకీ అదే పనికొస్తుంది. విడిపోతే ఎవరిది వాళ్లు పట్టుకెళ్తారు, అవసరమైతే అమ్ముకుంటారు.

బ్యాంకులో ఉన్న 90 వేలు ముట్టుకోకండి, అది మీకు సుమారు మూడు నెలల ఖర్చు. జీతంలోంచి నెలకు 7 వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేసి, ప్రోగ్రాముల డబ్బులో సగం పక్కన పెడితే ఆరేడు నెలల్లో కిట్ మీ చేతిలో ఉంటుంది. నో కాస్ట్ ఈఎంఐ అని షాపువాళ్లు ఆశపెడితే ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ ఎంతో అడగండి, నగదుకు ఎంతకిస్తారో కూడా అడగండి. తొందరైతే సెకండ్ హ్యాండ్ చూడండి. చెన్నైలో మంచి బేరాలు తగులుతాయి. కాకపోతే ఫొటో చూసి అడ్వాన్స్ పంపొద్దు. రైలెక్కి వెళ్లి, మీ హెడ్‌ఫోన్లు పెట్టుకుని ప్రతి ప్యాడ్‌నూ అంచు నుంచి మధ్య దాకా, మెల్లగా, గట్టిగా కొట్టి చూడండి. హైహ్యాట్ (జంట తాళాలు) పెడల్ సగం తొక్కినప్పుడు శబ్దం మారుతోందో లేదో మరీ ముఖ్యంగా చూడండి.