ధ్యానంతో నొప్పి తగ్గితే అది ఉత్త నమ్మకమేనా?

ప్రశ్న: చాలాకాలంగా నడుము నొప్పి. మైండ్‌ఫుల్‌నెస్ ధ్యానం (ఊపిరిని, ఒంట్లోని అనుభూతులను ఉన్నవి ఉన్నట్టు గమనించడం) మొదలుపెట్టాక కాస్త నయంగా ఉంది. ఇది ధ్యానం చలవా, తగ్గుతుందన్న నమ్మకం చలవా? నమ్మకమే అయితే కొనసాగించడం దండగ కదా?

జవాబు: రెండూ కలిసే పనిచేస్తాయి. ఒక్క మనిషిలో వాటిని విడదీయలేం కానీ, ప్రయోగశాలలో ఆ ప్రయత్నం జరిగింది. 2015లో పరిశోధకుడు ఫాడెల్ జైదాన్ బృందం 75 మంది ఆరోగ్యవంతులను నాలుగు జట్లు చేసింది. ఒక జట్టుకు ధ్యానం నేర్పారు. ఇంకో జట్టుకు నొప్పి తగ్గించే మందని చెప్పి ఉత్తుత్తి క్రీము రాశారు. మూడో జట్టును ధ్యానం పేరు చెప్పి, అసలు మెళకువ నేర్పకుండా, గాఢంగా ఊపిరి తీసుకోమన్నారు. నాలుగో జట్టు పుస్తకం విన్నది. నాలుగు రోజుల శిక్షణ తర్వాత చర్మానికి 49 డిగ్రీల వేడి తగిలించి చూశారు. ధ్యానం చేసినవారిలో నొప్పి తీవ్రత 27 శాతం, దానివల్ల కలిగే బాధ 44 శాతం తగ్గాయి. క్రీము జట్టులో తగ్గింది 11, 13 శాతమే. ఉత్తుత్తి ధ్యానంలో 9, 24.

అయితే ఇది ఆరోగ్యవంతుల మీద, క్షణకాలపు వేడితో చేసిన పరీక్ష. దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న 342 మందితో జరిగిన అధ్యయనం 2016లో వెలువడింది. 26 వారాల నాటికి రోజువారీ పనుల్లో చెప్పుకోదగ్గ మెరుగు కనిపించింది ధ్యానం జట్టులో సుమారు 60 శాతం మందికి, మామూలు వైద్యం జట్టులో 44 శాతం మందికి. కానీ తాము ధ్యానం నేర్చుకుంటున్నామని వాళ్లకు తెలుసు. కాబట్టి ఆ 60లో నమ్మకం వాటా కూడా ఉంటుంది.

ఉంటే నష్టమేమిటి? నమ్మకంతో నొప్పి తగ్గిందంటే నొప్పి అబద్ధమని కాదు. జ్ఞానదంతం తీయించుకున్నవారిపై 1978లో చేసిన ప్రయోగంలో, ఓపియాయిడ్లను (మార్ఫిన్ తరహా నొప్పి తగ్గించే పదార్థాలను) అడ్డుకునే నాలొక్సోన్ అనే మందు ఇవ్వగానే ఉత్తుత్తి మందు ఇచ్చిన ఉపశమనం పోయింది. అంటే ఒంట్లోనే నొప్పి తగ్గించే పదార్థాలు నిజంగా విడుదలయ్యాయన్నమాట. మీకు మేలు జరుగుతుంటే నిస్సంకోచంగా కొనసాగించండి.

ప్రశ్న: నొప్పి మీద దృష్టి పెడితే ఇంకా పెరుగుతోంది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

జవాబు: బహుశా ‘తగ్గిందా, తగ్గిందా’ అని మధ్యమధ్యలో చూసుకుంటున్నారు. అది గమనించడం కాదు, కాపలా కాయడం. తగ్గకపోతే నిరాశ, దాంతో కండరాలు బిగుసుకోవడం, దాంతో మరింత నొప్పి.

కుర్చీలో కూర్చోండి, లేదా పడుకోండి. మొత్తం 20 నిమిషాలు చాలు. మొదటి ఐదు నిమిషాలు ముక్కుపుటాల దగ్గర ఊపిరి తాకిడినే గమనించండి. తర్వాత నొప్పి ఉన్నచోటికి వెళ్లి ఐదారు శ్వాసలసేపు చూడండి: పోటా, మంటా, లాగుతున్నట్టుందా? అంచులెక్కడ? ‘అయ్యో, మళ్లీ మొదలైంది’ అనిపిస్తే అదొక ఆలోచన అని గుర్తించి, తిరిగి ఊపిరికి రండి. ఇలా వెళ్లడం, రావడం. మరీ ఎక్కువైతే కళ్లు తెరిచి, పాదాలు నేలను తాకేచోటికి దృష్టి మార్చండి. భంగిమ మార్చుకున్నా తప్పులేదు.

నోటుబుక్కులో రోజూ ఒకే వేళకు రెండు అంకెలు రాయండి, 0 నుంచి 10లోపు: నొప్పి ఎంత, అది ఎంత బాధిస్తోంది. చాలామందిలో రెండోదే ముందు దిగుతుంది. ఎంతసేపు నడవగలిగారో కూడా రాయండి. ధ్యానం ముగిసిన వెంటనే మాత్రం రాయొద్దు. తగ్గి ఉండాలన్న ఆశ అప్పుడే ఎక్కువ. లెక్క చూసుకోవడం ఎనిమిది వారాల తర్వాతే.

డాక్టరును అడగకుండా మందులు ఆపకండి. కాలు పట్టు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, మూత్రం అదుపు తప్పినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నడుము నొప్పికి జ్వరం తోడైనా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా పరీక్ష చేయించుకోవడం ఆలస్యం చేయొద్దు.